ఒంటికి బాగానే వెళుతున్నారు కదా, క్యాన్సర్ ఎందుకుంటుంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఒంటికి రాక ఇబ్బంది పడితే కోత లేని పద్ధతిలో ప్రోస్టేట్ ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి నిక్షేపంగా ఉన్నారు. మొన్న ఊళ్లో ఆరోగ్య శిబిరం పెడితే రక్తపరీక్షలో ప్రోస్టేట్‌కు సంబంధించిన పీఎస్‌ఏ అనే అంకె 11.4 వచ్చింది. చూపిస్తే ఎంఆర్‌ఐ తీసి, అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. "ప్రోస్టేట్ తీసేశాక మళ్లీ దానికి క్యాన్సరేంటి? ముక్క తీశారంటే లేనిది పాకిపోతుంది" అని బాబాయి అంటున్నారు. "ఏ బాధా లేని మనిషిని ఈ వయసులో ఎందుకు కెలకడం" అని అమ్మ. నాన్నగారు ఏమీ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు సూటిగా చెబుతాను. మూత్రపరీక్షతో పాటు పీఎస్‌ఏ మరోసారి చేయించండి. మళ్లీ దరిదాపుల్లో అంతే వస్తే ఎంఆర్‌ఐ తీయించండి. అది చూసి డాక్టరుగారు ముక్క తీయాలంటే తీయనివ్వండి. ఇది రేపు పొద్దున్నే పరుగెత్తాల్సిన పని కాదు. అలాగని సంక్రాంతికి మీరొచ్చాక చూద్దాం అని వాయిదా వేసే పనీ కాదు. నాలుగైదు వారాల్లో తేలిపోవాలి.

మీ బాబాయిగారు, అమ్మగారు అన్న మాటలు ఈ రెండు గోదావరి జిల్లాల్లో యూరాలజిస్టుగా నేను ఓపీలో కూర్చున్న ప్రతి వారమూ వింటాను. మనిషి మారతాడు, ఊరు మారుతుంది, మాట మాత్రం అదే. వాటిలో రెండు నమ్మకాలు మిగతా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నాయి. "బాధ లేదు కాబట్టి జబ్బు లేదు" అనేది మొదటిది. "క్యాన్సర్ అని తేలితే ఇక అంతే" అనేది రెండోది. మొదటిది మనిషిని ఏళ్ల తరబడి ఆసుపత్రి గడప తొక్కనివ్వదు. రెండోది, తొక్కినవాణ్ని రిపోర్టు చేతికి రాగానే ఇంటికి పంపేస్తుంది. రెండూ తప్పే. ఎందుకు తప్పో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఫోన్‌లో ఇంట్లోవాళ్లకు సర్దిచెప్పాలి.

ప్రోస్టేట్‌ను పుస్తకాల్లో పౌరుష గ్రంథి అంటారు. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. కుర్ర వయసులో ఇరవై గ్రాముల బరువుంటుంది. వీర్యంలో కొంత ద్రవం ఇక్కడే తయారవుతుంది. వయసు పైబడ్డాక ఇది వాచిపోవడం మామూలు. అరవై ఏళ్లకు సగం మంది మగవాళ్లలో, ఎనభై దాటాక నూటికి ఎనభై మందికి పైగా ఆ పెరుగుదల కనిపిస్తుంది. అది క్యాన్సర్ కాదు, ముదిరి క్యాన్సర్‌గా మారేదీ కాదు. ఆ పెరుగుదల గ్రంథి లోపలి భాగంలో, మూత్రనాళాన్ని ఆనుకుని వస్తుంది. అందుకే నాళం నొక్కుకుపోయి ధార సన్నబడుతుంది, ముక్కాల్సి వస్తుంది, రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది.

క్యాన్సర్ దారి వేరు. పది కేసుల్లో సుమారు ఏడు గ్రంథి వెలుపలి అంచులో, వెనకవైపు, మలద్వారానికి దగ్గరగా మొదలవుతాయి. మూత్రనాళానికి అది దూరం. అక్కడ చిన్న గడ్డ పెరిగినా ధారకు అడ్డు రాదు. నొప్పి ఉండదు, మంట ఉండదు, రక్తం పడదు. నయం చేయడానికి వీలున్న దశలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సాధారణంగా లక్షణాలే ఉండవు. "ఒంటికి బాగానే వెళుతున్నాను" అన్న మాటకు ఈ విషయంలో విలువ లేదు. ధార సన్నబడింది కాబట్టి నాకు క్యాన్సరేమో అని వణికిపోతూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది మామూలు వాపే.

ఇప్పుడు మీ బాబాయిగారి మొదటి ప్రశ్న. అది మంచి ప్రశ్న, చదువుకున్నవాళ్లూ అడుగుతారు. నాలుగేళ్ల కిందట నాన్నగారికి చేసింది ప్రోస్టేట్ మొత్తం తీసేసే ఆపరేషన్ కాదు. మూత్రనాళం గుండా పరికరం పంపి, అడ్డుపడుతున్న లోపలి కండను పొరలు పొరలుగా గీరి తీసేశారు. కొబ్బరికాయలో కోరు తీసేస్తే చిప్ప మిగిలినట్టు, చుట్టూ ఉన్న వెలుపలి భాగం అలాగే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ మిగిలిన భాగంలోనే. కాబట్టి "మనకు ప్రోస్టేట్ తీసేశారు, ఇక ఆ గొడవ లేదు" అనుకోవడం సరికాదు. పైగా ఆ ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ బాగా తగ్గాలి, ఎందుకంటే దాన్ని తయారుచేసే కణజాలం చాలావరకు పోయింది. ఆపరేషన్ కాని మనిషికి 11.4 రావడం వేరు, అయిన నాలుగేళ్లకు 11.4 రావడం వేరు. రెండోది బరువైన అంకె. ఇంకో పని చేయండి. అప్పటి ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని పరీక్షకు పంపారా, ఆ రిపోర్టు ఇంట్లో ఉందా, ఆపరేషన్‌కు ముందు తర్వాత పీఎస్‌ఏ ఎంతుంది అన్నది అమ్మగారిని పాత ఫైలు తీసి చూడమనండి. ఆ కాగితాలు ఇప్పుడు చాలా అవసరం.

పీఎస్‌ఏ గురించి. ఇది ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్, కొంచెం రక్తంలోకి జారుతుంది. క్యాన్సర్ కణాలే కాదు, మామూలు కణాలూ తయారుచేస్తాయి. అందుకే ఈ అంకె ఒక్కటే చూసి క్యాన్సర్ ఉందనీ లేదనీ చెప్పలేం. వాపు ఉంటే పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే బాగా పెరుగుతుంది. ఒంటికి బిగుసుకుపోయి గొట్టం వేయించుకున్న మనిషికి ఆ రోజే రక్తం తీస్తే ముప్పై, నలభై కూడా చూపించవచ్చు. ఇలాంటి కాగితం పట్టుకుని ఇల్లంతా ఏడుస్తూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఇన్ఫెక్షన్ తగ్గించి, ఆరు వారాలు ఆగి మళ్లీ చేస్తే మూడుకో నాలుగుకో దిగిన కేసులు ఎన్నో. పరీక్షకు ముందు రెండు రోజులు దాంపత్యానికి, ఎక్కువ దూరం సైకిల్ తొక్కడానికి దూరంగా ఉండమని చెప్పేది కూడా ఇందుకే.

అంకెను తగ్గించి చూపించేవీ ఉన్నాయి. ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు ఆరు నెలలు వాడితే పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. అంటే ఆ మాత్రలు వాడే మనిషికి 3 వస్తే దాన్ని 6గా చదవాలి. ల్యాబ్ కాగితం మీద మాత్రం "సాధారణం" అనే ఉంటుంది. మన దగ్గర చాలామంది ఒకసారి రాసిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మందుల షాపులో ఆ మాత్రలే కొనుక్కుంటారు. పరీక్ష చేయించేటప్పుడు డాక్టరుకు ఆ సంగతి చెప్పరు. నాన్నగారు ఇప్పటికీ ఏదైనా ప్రోస్టేట్ మాత్ర వేసుకుంటున్నారేమో కనుక్కోండి. వేసుకుంటుంటే ఆ పేరు నాతో కాదు, ఆయన్ని చూసే డాక్టరుగారితో ముందే చెప్పండి.

పీఎస్‌ఏకు 4 అనేది గీత అని అందరూ అంటారు. 3.9 అయితే హాయి, 4.1 అయితే ప్రమాదం అనుకుంటారు. అలాంటి గీత లేదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పీఎస్‌ఏ 4 కానీ అంతకు తక్కువ కానీ ఉన్న మగవాళ్లకు కూడా ముక్క తీసి చూశారు. వందలో సుమారు 15 మందికి క్యాన్సర్ కణాలు కనిపించాయి. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇక 4కూ 10కీ మధ్య ఉంటే నలుగురిలో ఒకరికి, 10 దాటితే దాదాపు సగం మందికి క్యాన్సర్ బయటపడుతుందన్నది పాశ్చాత్య దేశాల లెక్క. అంటే నాన్నగారికి లేకపోవడానికీ అవకాశం ఉంది. అది తేల్చుకోవడానికే తర్వాతి పరీక్షలు.

వేలితో చేసే పరీక్ష సంగతి కూడా చెప్పాలి. మలద్వారం గుండా చూపుడువేలు పెట్టి ప్రోస్టేట్ వెనకభాగాన్ని తడిమి చూస్తాం. అర నిమిషం పని. గడ్డ ఉంటే గట్టిగా, ఎగుడుదిగుడుగా చేతికి తెలుస్తుంది. ఊరి పెద్దమనుషులు, పదిమంది చేత దణ్ణాలు పెట్టించుకునేవాళ్లు ఈ పరీక్ష అనగానే లేచి వెళ్లిపోతారు. నాన్నగారు మాట్లాడకపోవడానికి ఇది కూడా కారణం అయ్యుండవచ్చు. కొడుకు మీరు అడిగితే చెప్పరు. డాక్టరు గదిలోకి ఆయన్ని ఒక్కరినే పంపమని అమ్మగారికి చెప్పండి.

ఎంఆర్‌ఐ ముందు ఎందుకంటారా? 2018లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 500 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నేరుగా ముక్క తీశారు, రెండో జట్టుకు ఎంఆర్‌ఐ తీసి అనుమానం ఉన్నచోటనే తీశారు. ఎంఆర్‌ఐ జట్టులో నూటికి 28 మందికి అసలు ముక్క తీయాల్సిన అవసరమే రాలేదు. చికిత్స కావాల్సిన క్యాన్సర్లు ఆ జట్టులోనే ఎక్కువ దొరికాయి. ఏమీ చేయక్కర్లేని చిన్నాచితకా క్యాన్సర్లు తక్కువ దొరికాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఎంఆర్‌ఐ ఉంది. కాకపోతే "ప్రోస్టేట్ మల్టీపారామెట్రిక్" అని స్పష్టంగా రాయించుకుని వెళ్లాలి. మామూలు పొట్ట ఎంఆర్‌ఐ దీనికి పనికిరాదు. రిపోర్టులో పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా మార్కు ఇస్తారు. 1, 2 అంటే అనుమానం తక్కువ. 4, 5 అయితే ముక్క తీయాల్సిందే. 3 వస్తే మిగతా వివరాలన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారు.

ఇక ముక్క తీస్తే పాకిపోతుందన్న భయం. ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. వెనకటి రోజుల్లో మన పల్లెల్లో మనిషి మంచాన పడ్డాకే పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవారు. అప్పటికే జబ్బు ఎముకలకు దిగి ఉండేది. అక్కడ ముక్క తీసేవారు, కొన్ని నెలలకు మనిషి పోయేవాడు. చుట్టాలు చూసిన వరస అదే: కత్తి పెట్టారు, మనిషి పోయాడు. జబ్బు ముదిరిపోయి ఉండటం కళ్లకు కనిపించదు, సూది మాత్రం కనిపిస్తుంది. దాంతో నింద సూది మీదకు వెళ్లింది. ప్రపంచమంతా కొన్ని దశాబ్దాలుగా లక్షల మందికి ఈ పరీక్ష చేస్తున్నారు. దీనివల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ ఒళ్లంతా పాకిందని ఎక్కడా రుజువు కాలేదు.

అసలు జరిగేది ఇది. మనిషి పక్కకు తిరిగి కానీ, కాళ్లు పైకెత్తి కానీ పడుకుంటాడు. మత్తు సూది ఇస్తాం. మలద్వారంలో స్కానింగ్ గొట్టం పెట్టి తెర మీద గ్రంథిని చూస్తూ, సన్నటి సూది ఉన్న స్ప్రింగు పరికరాన్ని నొక్కుతాం. టక్ మని చప్పుడవుతుంది. చాలామంది ఉలిక్కిపడేది ఆ చప్పుడుకే, నొప్పికి కాదు. ఒక్కో నొక్కుకు సెంటీమీటరున్నర పొడవైన తెల్లని పోగు ఒకటి వస్తుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తాం, ఏ సీసా ఏ వైపుదో రాస్తాం. మామూలుగా పన్నెండు పోగులు, ఎంఆర్‌ఐలో అనుమానం ఉన్నచోట ఇంకో రెండు మూడు. అరగంటలో అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చు.

తర్వాత కొన్ని రోజులు మూత్రంలో కాస్త ఎరుపు పడుతుంది. వీర్యంలో ఆ రంగు కొన్ని వారాలు ఉండవచ్చు. అది పాకిపోవడం కాదు, సూది గాటు. అసలు జాగ్రత్తపడాల్సింది ఇన్ఫెక్షన్ గురించి. మలద్వారం గుండా చేస్తే కొద్దిమందికి వస్తుంది. వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం గుండా చేసే పద్ధతిలో ఆ ముప్పు బాగా తక్కువ, వీలుంటే అదే అడగండి. పరీక్ష తర్వాత చలి పుట్టి జ్వరం వస్తే ఊళ్లో పారాసిటమాల్ సూది వేయించుకుని పడుకోవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి. వరదల రోజుల్లో లంక గ్రామాలవాళ్లకు ముక్క తీస్తే, రెండు రోజులు ఇవతలి ఒడ్డున చుట్టాలింట్లో ఉండమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. నాన్నగారు గుండెకు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. సొంతంగా మానేయొద్దు.

రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చిందే అనుకుందాం. అప్పుడు ఇంట్లో అందరూ పాడె కట్టడానికి సిద్ధమైపోతారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ప్రోస్టేట్ క్యాన్సర్ అంటే ఒకటే జబ్బు కాదు. రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఉంటుంది, 6 నుంచి 10 దాకా. అమెరికాలో డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు 1960ల్లో రూపొందించిన, క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే లెక్క ఇది. 6 అంటే ఎంత నెమ్మదిదంటే చాలామందికి అప్పటికప్పుడు ఆపరేషనూ వద్దు, కరెంటూ (రేడియేషన్) వద్దు. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, అప్పుడప్పుడు ఎంఆర్‌ఐ, ఒకటి రెండేళ్లకు మరోసారి ముక్క పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉంటాం. ముదురుతున్న జాడ కనిపిస్తే అప్పుడు చికిత్స. దీన్ని వదిలేయడం అనుకోకూడదు. ఇదీ ఒక వైద్యమే, క్రమం తప్పితే మాత్రం పనికిరాదు.

బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు భాగాలు చేసి, కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, మిగతావాళ్లను గమనిస్తూ వచ్చారు. పదిహేనేళ్ల తర్వాత 2023లో లెక్క తీస్తే, ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు మొత్తం మీద నూటికి ముగ్గురు కూడా లేరు, ఏ జట్టులోనైనా దాదాపు అంతే. గమనిస్తూ వచ్చిన జట్టులో జబ్బు పాకినవాళ్లు సుమారు రెట్టింపు, సగం మందికి పైగా తర్వాత చికిత్స తీసుకున్నారు. అది కూడా చెప్పాలి. అయినా ఈ లెక్క తెలిసిన మనిషి రిపోర్టు చూసి కుప్పకూలడు.

అలాగని "ముసలాళ్ల జబ్బే కదా, నెమ్మదిగా ఉంటుంది, వదిలేయండి" అనే మాట కూడా నేను ఒప్పుకోను. అమ్మగారి మాటలో ఉన్నది ప్రేమే, కానీ గ్లీసన్ 8, 9, 10 నెమ్మదిగా ఉండవు. కోనసీమలో కొబ్బరి దింపు తీసే ఒకాయన నడుం నొప్పితో నా దగ్గరికి వచ్చారు. చెట్లెక్కే మనిషికి నడుం నొప్పి రాక మానుతుందా అని ఇంట్లోవాళ్లూ, ఊళ్లో సూది వేసే ఆయనా అనుకున్నారు. నెలల తరబడి నొప్పి సూదులు, తైలాలు, బెల్టు. పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి. కాళ్లు తడబడటం మొదలయ్యాక తీసుకొచ్చారు. పీఎస్‌ఏ వందల్లో ఉంది, వెన్నుపూసల్లోకి దిగిపోయింది. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే మొదట ఎక్కువగా వెళ్లేది వెన్నెముకకూ, తుంటి ఎముకలకూ. ఆయనకు ఒంటికి వెళ్లడంలో చివరిదాకా ఏ ఇబ్బందీ లేదు. యాభై దాటిన మగవాడికి కొత్తగా మొదలై, విశ్రాంతితో తగ్గని నడుం నొప్పి ఉంటే నాలుగు వందలో ఐదు వందలో పెట్టి పీఎస్‌ఏ చేయించండి. కాళ్లలో బలం తగ్గుతున్నా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పుతున్నా అది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన స్థితి. తెల్లవారనివ్వకూడదు.

అంత ముదిరాక కూడా చేయగలిగింది ఉంది. ఈ క్యాన్సర్‌కు మేత మగ హార్మోను. 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ ఆ సంగతి రుజువు చేశాడు, 1966లో నోబెల్ వచ్చింది. హార్మోను ఆపితే గడ్డలు కుంచించుకుపోతాయి. నొప్పితో మంచం మీద మూలిగిన మనిషి నెల తిరక్కుండా వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదవడం నేను చూశాను. హార్మోను ఆపడానికి నెలకో మూడు నెలలకో వేసే ఇంజెక్షన్లున్నాయి, లేదా ఒకేసారి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. రెండూ సమానంగా పనిచేస్తాయి. రెండోది చవక, మళ్లీ మళ్లీ రానక్కర్లేదు, కాకపోతే వెనక్కి తీసుకోలేం. వీటికి తోడు అబిరాటరోన్ వంటి మాత్రలు ఇప్పుడు మన దేశంలోనే తయారై మునుపటికన్నా బాగా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఎముకలకు పాకినా కొన్నేళ్లు తన పనులు తాను చేసుకుంటూ బతుకుతున్నవాళ్లు ఎందరో.

మగతనం విషయం దాటవేయను, ఎందుకంటే మగవాళ్లు చికిత్స మానేసేది ఎక్కువగా ఈ భయంతోనే. భయం పూర్తిగా అబద్ధం కాదు. గ్రంథి మొత్తం తీసే ఆపరేషన్ తర్వాత అంగస్తంభన చాలామందికి తగ్గుతుంది. నరాలను కాపాడుతూ చేసినా తిరిగి రావడానికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు, కొందరికి రాదు. రేడియేషన్ తర్వాత మెల్లమెల్లగా తగ్గుతుంది. హార్మోను చికిత్సలో కోరికే తగ్గిపోతుంది, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి, షుగరు పెరగవచ్చు. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో మూత్రం జారుతుంది. కటి కండరాల వ్యాయామం నేర్చుకుని చేస్తే ఏడాదిలోపు ఎక్కువమందికి అదుపులోకి వస్తుంది. ఇవన్నీ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పాలి. చెప్పని డాక్టరును అడగండి. అన్నీ విన్నాక "నాకు ఆపరేషన్ వద్దు, కరెంటు పెట్టించుకుంటాను" అన్నా అది తెలిసి తీసుకున్న నిర్ణయం. గ్రంథి దాటని జబ్బుకు ఆ రెండూ సరైన దారులే. రోబో ఆపరేషన్ అంటే యంత్రమే చేస్తుందనుకుంటారు. చేసేది సర్జనే. యంత్రం పేరు కన్నా ఆయన అనుభవం ముఖ్యం.

ఎందుకొస్తుంది అన్నదాని మీద ఎన్ని కథలో. కుర్రతనంలో చేసిన తప్పుల వల్ల అని లోలోపల కుమిలిపోయే పెద్దవాళ్లు ఉన్నారు. హస్తప్రయోగానికీ దీనికీ సంబంధం లేదు. భార్యకు అంటుకోదు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. డెబ్బైల్లో, ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న తరం ఇప్పుడు డెబ్బై దాటింది, "అప్పుడు కోయించుకోబట్టే ఇలా" అంటారు. పెద్ద అధ్యయనాలు చూస్తే భయపడాల్సినంత సంబంధం కనిపించలేదు. చేపల చెరువుల మందులు, వరి మీద కొట్టే మందుల గురించి మన వైపు అందరూ అడుగుతారు. అమెరికా రైతుల మీద జరిగిన అధ్యయనంలో కొన్ని పురుగుమందులకూ ముదురు రకం ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ కొంత సంబంధం కనిపించింది. కాబట్టి ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా మందు కొట్టవద్దు. కానీ ఒక మనిషికి ఫలానా చెరువు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు.

గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ప్రేమతో పంపే విటమిన్ ఇ బుడ్డీల గురించి మాత్రం హెచ్చరించాలి. 35 వేల మంది మగవాళ్ల మీద, ఈ క్యాన్సర్ రాకుండా ఆపుతుందేమో చూద్దామని, వాళ్లలో కొందరికి రోజూ ఆ మాత్రలిచ్చి చూశారు. 2011లో తేలింది ఏంటంటే, విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ నూటికి 17 వంతులు ఎక్కువ వచ్చింది. మీరు కూడా పంపుతుంటే ఆపేయండి.

కచ్చితంగా తెలిసిన కారణాలు మూడు: వయసు, జాతి, వంశం. వంశం దగ్గర మీ ఇంటికి సంబంధించిన మాట ఒకటుంది. తండ్రికి కానీ అన్నదమ్ములకు కానీ ఈ జబ్బు ఉంటే, మిగతావాళ్లకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. నాన్నగారికి క్యాన్సర్ అని తేలితే, ఆ రెట్టింపు ముప్పు ఉన్నవాళ్లలో బాబాయిగారు ఒకరు, మీరు ఇంకొకరు. బాబాయిగారు వెంటనే, మీరు నలభై అయిదు దాటాక పీఎస్‌ఏ చేయించుకోవాలి. మీ మేనత్తలకో నాయనమ్మకో రొమ్ము, అండాశయం క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా డాక్టరుతో చెప్పండి. బీఆర్‌సీఏ అనే జన్యుమార్పు ఆ క్యాన్సర్లకూ ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ కారణం కాగలదు. అయితే ఇంటి చరిత్ర లేదు కాబట్టి మాకు రాదు అనుకోవద్దు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేదు.

దారినపోయే ప్రతి మగవాడికీ పీఎస్‌ఏ చేయించమని నేను అనను. డెబ్బై దాటి, ఇతర పెద్ద జబ్బులున్న మనిషికి ఏ లక్షణమూ లేకుండా ఈ పరీక్ష చేస్తే లాభం కన్నా గొడవే ఎక్కువ. యాభై అయిదు నుంచి డెబ్బై మధ్య ఉన్నవాళ్లు మంచిచెడ్డలు రెండూ తెలుసుకుని చేయించుకోవచ్చు. నాన్నగారి సంగతి ఆ చర్చ దాటిపోయింది. ఆయన వయసు 68, ఆరోగ్యంగా ఉన్నారు, అంకె ఇప్పటికే బయటపడింది.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీలో, క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమో ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను చేరే ముందే అడగాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే ముక్క పరీక్ష రిపోర్టుతో పాటు, ఆ స్లైడ్లు, ముక్కల్ని భద్రపరిచిన మైనపు దిమ్మలు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి. అవి మీవే, ఇవ్వాలి. లేదంటే అక్కడ మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరుగారిని ఈ నాలుగూ అడగమనండి: గ్లీసన్ ఎంత, ఎన్ని పోగుల్లో ఉంది, గ్రంథి దాటిందా, ఇప్పుడేమీ చేయకుండా గమనిస్తూ ఉంటే ఏమవుతుంది. జవాబులు కాగితం మీద రాయించి ఫొటో తీసి మీకు పంపమనండి. అవి చూశాకే ఆపరేషనా, కరెంటా, గమనించడమా అన్న మాట ఇంట్లో మొదలుపెట్టండి.